తక్కెళ్ళ సందు

చిన్నబజారు నించి పెద్దబజారుకి
అడ్డదారి అనుకుంటారు గానీ
నిజానికి చుట్టే.
మూడు మలుపులు, ఒక మెట్టు.
ఎవురు కట్టారో ఎందుకు కట్టారో తెలీని
ఆ ఒక్క మెట్టు.
మునిసిపాలిటీ రేకు మీదున్న పేరు
ఇక్కడెవురికీ నోరు తిరగదు.

బస్తా మోసే పెంచలయ్య మోచేతులే
దీని వెడల్పు.
అటునించొకరు ఇటునించొకరు వస్తే
బరువున్నోడికి బరువు లేనోడు దారియ్యాల.
అదే చట్టం. ఎవురూ రాసింది కాదు.
గోడలు భుజాలెత్తున అరిగి
నూనె పూసినట్టుంటాయి.
ఎన్నిసార్లు వెల్ల వేసినా
అక్కడ సున్నం పట్టదు.

ఒకప్పుడు పద్నాలుగు కొట్లంట.
పొద్దున్నే కరిగే సీసం, ఆకురాయి గీరుడు,
వీశెలు, సవాసేర్లు, తవ్వలు, మానికలు
అరుగుల మీద బోర్లా పడుకోనుండేవంట.
కిలోలొచ్చిన యేడు అన్నిట్నీ గోతాల్లో పోసి
పాత ఇనుముకి వేశారు.
"వీశెల్ని కిలోల లెక్కన అమ్మినాం సార్" అని
కాలేషా నవ్వేవాడు, పొడుం డబ్బీ మూత బిగిస్తా.

నేను మొదట ఈ సందులోకొచ్చింది
డెబ్బై తొమ్మిదిలో, ఎండాకాలం.
తూనికల శాఖలో కొత్త ఇన్‌స్పెక్టర్ని.
మఖమల్ పరిచిన పెట్టెలో
సర్కారు వారి ఇత్తడి గుండ్లు.
ఆచారి వీధికి పోయే సన్న త్రాసులో
ఒక వైపు కాలేషా బిళ్ళ,
ఒక వైపు నాది.
ముల్లు వెంట్రుకవాసి నా పక్కకి ఒరిగింది.
కేసు పుస్తకం తీశాను.
"ఒక్క నిమిషం సార్."
చొక్కా కొసతో తుడిచాడు, నా బిళ్ళని.
మళ్ళీ పెట్టాడు.
ముల్లు కదల్లేదు.
"పొద్దుట్నించి పట్టుకోనున్నారు గదా,
చెమట. అదీ తూగుద్ది."

అంతకంటే ఏం జరగలేదు.
ముప్పై రెండేళ్ళ ఉద్యోగంలో
చాలామందిని పట్టుకున్నాను,
కొందర్ని వదిలాను, డబ్బుకి కాదు, బద్ధకానికి.
ఆ తుడుపు మాత్రం
వేళ్ళ మధ్య ఉండిపోయింది.

ఇప్పుడు సందంతా ఫోను గ్లాసులు మార్చే కొట్లు.
మలుపు తిరిగితే, పాత తలుపే,
లోపల కాలేషా మనవరాలు ఫర్జానా
ఎలక్ట్రానిక్ కాటా పొట్ట విప్పి
సోల్డరింగు పెడతా ఉంది.
సీసం వాసన.
అదే అనబోయాను. కాదు,
ఇందులో గుగ్గిలం లాంటిదేదో కలిసింది.
కోవూరు నించొచ్చిన రైతు ఒకాయన
పుట్టికెంతని అడుగుతున్నాడు,
ఆ అమ్మి నోటి లెక్కతో
ఎనిమిదొందల యాభైని హెచ్చేస్తా ఉంది.
మిషనుకి పుట్లు తెలీవు.

తిరిగొస్తుంటే మెట్టు కాడ
ఒక పిలకాయ, నెత్తిన గోనెలో ఐసు గడ్డ.
నేను గోడకి ఒరిగాను.
నా సంచిలో మందుల చీటీ, గొడుగు, అంతే.
"మీరు పోండి తాతా" అని
వాడూ గోడకి ఒరిగాడు.
మెడ మీదుగా నీళ్ళు కారతున్నాయి వాడికి.
"నువ్వు రా అబ్బయ్యా."
"మీరే పోండి."
ఇద్దరం నిలబడే ఉన్నాం,
ఐసు తూకం తగ్గతా ఉంది.