ఎలుగుబంటి మాత్ర

దురద ముందు అరికాళ్ళలో మొదలైంది.
రాత్రి రెండింటికి
స్నానాల గదిలో చల్లటి గచ్చు మీద నిలబడి
ముప్పై ఒక్క ఏళ్ళు టీ ఆకు తూచిన చేతుల్ని
దువ్వెన పళ్ళతో గోక్కున్నాను.
సబ్బు మార్చాం. దుప్పట్లు ఉడకబెట్టాం.
తెవ్ఫిక్ పరుపు భుజాన వేసుకెళ్ళి
ఎండ వచ్చిన ఒక్క పూటా ఆరేశాడు.
మా రిజేలో ఎండదెప్పుడూ చుట్టపుచూపే.

ట్రాబ్జోన్‌లో డాక్టరమ్మ, నా కూతురి ఈడుది,
కాగితం మీద ఒక చెట్టు గీసింది.
కొమ్మలు, రెమ్మలు,
కాలేయంలో పిత్తం పారే కాలవలట అవి.
వాటిని కొరుకుతున్నది పురుగు కాదట,
నన్ను కాయాల్సిన నా నెత్తురేనట.
కంచే చేను మేసిందన్నమాట, అన్నాను.
ఆమె పెన్ను ఆగింది.
ఎప్పటినుంచి?
పదేళ్ళయి ఉండొచ్చు, అంది.

పదేళ్ళు!
ఆ పదేళ్ళలోనే షుక్రాన్ పెళ్ళి చేశాను,
కొండ జారి దారి మూసుకుపోతే
మూడు రోజులు మొక్కజొన్న రొట్టెతో గడిపాను,
మధ్యాహ్నం కూర్చున్నచోటే కూలబడిపోతే
వయసు ఖాతాలో రాసేశాను.
తడి ఆకు కింద రాయి దాచిన గంప ఏదో
చెయ్యేస్తే చాలు, చెప్పేసేదాన్ని.
నా గంపలో రాయి
నాకు తెలియలేదు.

కాలేయం అనగానే
మెట్ల మీద హాజెర్ గొంతు తగ్గింది.
బొటనవేలు పెదవి దాకా తెచ్చి
"ఎప్పుడైనా... కొంచెమైనా..." అంది.
చుక్క ముట్టినదాన్ని కాదు.
టీ అంటావా, ఆ లెక్క తీస్తే ఒక ఏరు.
మొదట్లో ప్రతి గుమ్మంలోనూ ఒట్టేసి చెప్పాను,
తర్వాత మానేశాను.
తాగి తెచ్చుకున్నవాడికి మాత్రం నొప్పి పుట్టదా?
ఆసుపత్రిలో పక్క కుర్చీలో ఒక లారీ డ్రైవరు,
కళ్ళు పచ్చగా, పొట్ట కుండలా,
నారింజ ఒలిచి
నన్నేమీ అడక్కుండా సగం నా చేతిలో పెట్టాడు.

మాత్ర పేరు నోరు తిరగదు.
మందుల కొట్టు కుర్రాడు చెప్పాడు,
ఈ పదార్థం మొదట దొరికింది ఎలుగుబంటి పిత్తంలోనట.
ఆ రాత్రి తెవ్ఫిక్ నవ్వీ నవ్వీ దగ్గాడు.
నిరుడు మా తేనెపెట్టెలు నాలుగు
నేలమట్టం చేసిపోయిన ఎలుగుని
తిట్టని తిట్టు లేదు మరి.
"బాకీ తీరుస్తోంది, పుచ్చుకో," అన్నాడు.
పొద్దున రెండు, రాత్రి రెండు, జీవితాంతం.
జీవితాంతం.
పాతికేళ్ళప్పుడు వింటే గుండె జారే మాట,
అరవై నాలుగులో
అంత పొడుగ్గా ఏమీ లేదు.

మా అమ్మ నన్ను జియేరిమ్ అని పిలిచేది.
నా కాలేయమా, అని.
ముద్దొస్తే మావాళ్ళ నోటికి
ఆ మాటే ముందొస్తుంది.
నేనూ అన్నాను, పిల్లల్ని, పిల్లల పిల్లల్ని,
కాలు విరిగిన ఒక మేకపిల్లని.
ఎన్ని వేలసార్లు అన్నానో,
అదెక్కడుంటుందో చూపించమంటే
మొన్నమొన్నటిదాకా
పొట్టకి ఎడమపక్క చూపించేదాన్ని.

ఇప్పుడు తెలుసు. కుడివైపు, పక్కటెముకల చాటున.
దురద సగం తగ్గింది.
అలసట తగ్గలేదు, అది తగ్గకపోవచ్చన్నారు.
మూడింటికి పడుకుంటాను,
ఫోను మోగితే మోగనిస్తాను.

మొన్న రాత్రి కుక్కలు ఒకటే మొరుగుడు.
తెవ్ఫిక్ రేకుడబ్బా వెతుక్కుంటున్నాడు.
నేనప్పటికే మెలకువగా ఉన్నాను.
కిటికీలోంచి చూస్తే, మంచులో,
టీ మొక్కల వరసల మధ్యనుంచి
నల్లటి బరువొకటి తీరిగ్గా దిగుతోంది.
ఆగు, వాయించకు, అన్నాను.
ఎంతుంటుందో అంచనా కట్టాను, చేతి అలవాటు.
తడి మినహాయిస్తే
నూట నలభై కిలోలు.