బోర్డు లేని ఇల్లు

ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు.
ఎవరో కట్టుకున్న ఇంటికి వెళ్ళి
అమ్ముతారా అని అడిగి చూడమని మాత్రం
ఎవరూ అనలేదు.

ముప్పై ఏడు ఉత్తరాలు రాశాను, చేత్తోనే.
ఓమరూలో, సముద్రం నుంచి కొండెక్కే వీధిలో
ఇంటికొకటి.
"మీ పిల్లల స్కూల్ బస్సు నడిపేది నేనే.
బోర్డు పెట్టని ఇంటిని బేరమాడటం తప్పేమో..."
నాలుగో ఉత్తరానికి 'తప్పేమో' కొట్టేశాను.
పదకొండో దాంట్లో మళ్ళీ పెట్టాను.

వేలంలో మూడుసార్లు ఓడిపోయాం నేనూ రావిరీ.
సుత్తి పడిన ప్రతిసారీ ఎవరో చప్పట్లు కొట్టారు.
తిరిగొస్తూ చేపలూ చిప్సూ కారులోనే తిన్నాం
ఎవరింటి ఎదుటో ఆపుకుని.

బస్సు అద్దంలోంచి ఇళ్ళు తెలిసిపోతాయి.
ఏ చూరు కారుతుందో, ఏ చిమ్నీ పొగ మానేసిందో,
ఏ వంటింటి దీపం ఏడింటికి ముందే వెలుగుతుందో.
తెలియడం హక్కు కాదు.
ఆ సంగతీ తెలుసు.

పెట్టెల్లో కవర్లు వేస్తుంటే
ఓ కుక్క మొరిగింది, ఓ పరదా కదిలింది.
ఒకాయన బయటికొచ్చి, కవరు చింపకుండానే,
నావైపు చూస్తూనే చెత్తబుట్టలో వేసి
మర్యాదగా, మెల్లిగా మూత మూశాడు.
నేను తల దించుకుని
పక్కింటికి నడిచాను.

మూడు వారాలు ఉలుకూ పలుకూ లేదు.
ఒక పిల్లాడు బస్సెక్కుతూ
"మా అమ్మ వద్దంది" అన్నాడు.
అంతమందిలో, అంత గట్టిగా.

తర్వాత, తేనె మరకతో ఒక కార్డు:
"ఇరవై రెండో నంబరు. శనివారం రండి.
బూట్లు విప్పక్కర్లేదు. విల్మా థోర్బర్న్."

తేనెటీగల మనిషి.
అలెగ్జాండ్రా కొండల మీద థైమ్ విరగబూస్తుందట.
పెట్టెలన్నీ అక్కడికి తరలిస్తోంది,
వాటి వెనకే తనూ.
తెల్లరాతి ఇల్లు. వంటింటి గోడ మీద చెమ్మ,
అచ్చం ఆస్ట్రేలియా ఆకారంలో.
తనే చూపించింది. "వేసవిలో
కాస్త చిన్న దేశమవుతుంది" అంది.

టీ చల్లారింది. అంకె మాత్రం
ఎవరి నోటా రాలేదు.
మధ్యవర్తి ఉంటే వాడి నోట్లో పెట్టేవాళ్ళం
మా ఆశనీ, మా సిగ్గునీ.
చివరికి విల్మా డ్రాయరు లాగి
తేనె సీసాలకంటించే లేబుళ్ళు రెండు తీసింది.
వెనకవైపు చెరో అంకె రాద్దాం,
బోర్లించి, ఒకరి తర్వాత ఒకరం తిప్పుదాం.

తనే ముందు తిప్పింది.
నేను రాసినదానికన్నా
నలభై వేల డాలర్లు తక్కువ.

బల్ల కింద రావిరి మోకాలు
నా మోకాలికి తగిలింది.
దాని అర్థం తెలుసు. తెలియనట్టు కూర్చున్నాను.
కిటికీ అద్దం మీద ఓ తేనెటీగ
దారి వెతుకుతోంది.
నా లేబుల్ ఇంకా బోర్లానే ఉంది.

తిప్పబోతే రాలేదు.
కప్పు కింది తడికి జిగురు కరిగి
బల్లకి అతుక్కుపోయింది.
గోటితో గీకి లేపాను.
ముందరి అంకెలు నా చేతికొచ్చాయి,
సున్నాలు బల్లకే ఉండిపోయాయి.

విల్మా రెండూ కలిపి చదివింది, చాలాసేపు.
"చెప్పకపోతే నాకు తెలిసేది కాదుగా?"

"రేపట్నుంచి ఈ వంటింట్లోనే కదా
నేను టీ తాగాలి."

రావిరి దగ్గాడు.
ఇద్దరం మధ్యలో ఎక్కడో ఆగాం.
సున్నాల మీద వేలు రుద్ది చూసి
"ఇవి పోవు" అంది విల్మా,
"బల్ల కూడా ఉంచేసుకోండి."