యాభై నాలుగు మెట్లు

రక్తపోటు పట్టీ కోసం జుల్మిరా
కౌంటరు మీద చెయ్యి చాపినప్పుడు
మోచేతి పైన నాలుగు గుర్తులు,
మగ్గిన అత్తిపండు రంగులో.
"తలుపు తగిలింది" అంది.
తలుపులకి వేళ్ళుండవు కదా అని నేననలేదు.
పట్టీని రెండో చేతికి చుట్టాను.

సెతూబల్‌లో, రేవు వెనక వీధిలో,
ముప్ఫయ్యేళ్ళుగా మందులమ్ముతున్నాను.
దగ్గు విని మనిషి పేరు చెప్పగలను.
నెలకి ముప్ఫై మాత్రలు కొనే ఆవిడ
పదిహేను చాలంటే
మిగతా డబ్బు ఏ జేబులోకి పోతోందో తెలుస్తుంది.
కొడుకు అదెరీతు. యాభై రెండేళ్ళు.
రేవులో పని పోయాక తల్లి దగ్గరికొచ్చాడు,
రెండు వారాలకని.
నాలుగేళ్ళయింది.

పోలీసులన్నాను. తల అడ్డంగా ఊపింది.
"జ్వరమొస్తే వాడిప్పటికీ నన్నే పిలుస్తాడు."
కడుపుతీపికి విరుగుడు నా అరల్లో లేదు.
అందుకని ఇంకో మాట అడిగాను:
వాడు గొంతు పెంచినప్పుడు
మీరు ఏ గదిలో ఉంటారు?

"వంటింట్లో."
కత్తులుండే గది. ఒకటే తలుపు.
అయితే నడవాలోకి రండి. ఇవాళే
కుర్చీ అక్కడికి జరపండి,
కాళ్ళు లాగుతున్నాయి, గాలి కావాలి అని చెప్పండి.

అలా మొదలైంది. గురువారం గురువారం,
పట్టీ ఉబ్బి దిగే ఆ కాసేపట్లో.
మందుల చీటీ నకలు నా సొరుగులో.
వినికిడి యంత్రం బ్యాటరీలు కూడా,
కోపమొస్తే వాడు ముందు దాచేది దాన్నే.
పింఛను కాగితాలు. పాత కళ్ళద్దాలు,
ఒక పక్క దారంతో కట్టినవి.
మొదటి అంతస్తు ఇదలీనా దగ్గర ఒక తాళంచెవి.
ఫోను చేసి "యూకలిప్టస్ బిళ్ళలున్నాయా" అనడిగితే
ఆ రోజు నేను పోలీసుల్ని పిలవొచ్చు.
ఈ ఒక్కటీ ఒప్పుకోడానికి
మూడు గురువారాలు పట్టింది.

సంచీ మాత్రం తనే సర్దింది.
పదమూడో ఏట నుంచీ ఫ్యాక్టరీలో
సార్డీన్ చేపలు పేర్చిన చేతులు:
తల పక్కన తోక, తోక పక్కన తల,
వేలు దూరే సందుండదు.
మేజోళ్ళ మడతలో నోట్లు,
చెప్పు లోపల మాత్రలు.
అన్నిటికీ అడుగున చిన్న డబ్బీ.
నేను ఊపి చూస్తే గలగలమంది.
పాలపళ్ళు.
వాడివి.
తీసెయ్యమని నేననలేదు.

ఇక మెట్లు.
మూడో అంతస్తు, లిఫ్టు లేదు, యాభై నాలుగు.
ఎడమ మోకాలు ఎన్నడో అరిగిపోయింది.
ఎంత ఆలోచించి ఏం రాసుకున్నా
దిగాల్సింది ఆ మోకాలే.

నిన్న వచ్చి చెప్పింది.
తెల్లవారుజామున వాడు గురక పెడుతుంటే
చెప్పులు చేత్తో పట్టుకుని దిగిందట.
పద్దెనిమిదోది కిర్రుమంటుంది, గోడవారగా వెయ్యాలి అడుగు.
ముప్ఫయ్యో మెట్టు దగ్గర దీపం మాడిపోయింది.
ఇదలీనా గుమ్మం ముందు ఊపిరి తీసుకోవచ్చు.
పదకొండు నిమిషాలు.
కింద వీధిలో ఊరికే నిలబడిందట.
నది మీంచి ఉప్పుగాలి, చెత్తబండి, ఒక పిల్లి.
ఎక్కడికని ఎవరూ అడగలేదట.

మళ్ళీ ఎక్కింది.
వాడు లేచేసరికి కాఫీ ఉండాలి కదా.

"పదకొండంటే ఎక్కువ" అంది,
ఫ్యాక్టరీలో కొత్తపిల్లని మందలించే గొంతుతో.
"తొమ్మిదికి తేవాలి."

ఆమె పుస్తకంలో రాశాను: నూట యాభై, తొంభై.
పక్కనే పెన్సిల్‌తో,
ఇంట్లో ఎవరు చూసినా అర్థం కాకుండా,
పదకొండు.