కడిగిన ఆకు

ఒకే గుడ్ల గుంపు.
మిరపాకు అడుగున, ఎండుగడ్డి రంగు నూగు కప్పుకుని
లాం ఫారంలో దొరికింది,
ఆగస్టు రెండో మంగళవారం, చినుకుల్లో.

మూడోనాటికి రెండొందల ముప్పై పిల్లలు.
కుంచె కొసతో ఎత్తి వేరు పెట్టాను:
సగం మిరపకి, సగం ఆముదానికి.
ఎవరికే పళ్ళెం కావాలని అడగలేదు.
అది అడిగే నోరు కాదు, తినే నోరు.

మిరపాకు నేను కోసుకొచ్చేదాన్ని.
ఆముదపాకు శౌరమ్మ వంతు.
అమరావతి రోడ్డు వారన, లారీల దుమ్ములో పెరిగిన ఆకు,
సైకిలు హాండిలుకి గోనెసంచీ తగిలించుకుని తెచ్చేది.
పదిహేనేళ్ళు యార్డులో మిరప తొడిమలు తీసిన చేతులు
గ్లౌజులొద్దన్నాయి.
"ఇంకేం అంటుద్దమ్మా వీటికి?"

పదోరోజు
మంచు మీద నిద్రపుచ్చి, స్పిరిట్లో ముంచి
నిలువునా తెరిచాను.
పురుగంటే దాదాపు పేగే,
తలకాయ దానికో తలుపు.
లోపల సున్నపుతేట లాంటి క్షారం.
అందులో కాపురమున్న వాళ్ళ జనాభా లెక్క
నా చదువు.

రెండు రాత్రులాగితే ప్లేట్ల మీద ఊళ్ళు వెలిశాయి.
మిరప తిన్నవాటివి పసుపు చుక్కలు, మీగడ చుక్కలు,
అంచున ఒక గులాబీ వీధి.
ఆముదం తిన్నవాటివి ఖాళీ.
ఒకటో రెండో తెల్ల గుడిసెలు, అంతే.

ఆముదంలో ఏదో ఉంది, క్రిముల్ని నిలవనివ్వడం లేదు,
అని రాసి కింద రెండు గీతలు గీశాను.
పరంజ్యోతి సారు కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నారు.
ఆయన సంతోషం అంతవరకే వస్తుంది.
నేనైతే ఆ సాయంత్రం బ్రాడీపేటలో నిలబడి
మూడు ప్లేట్ల బజ్జీలు తిన్నాను.

సోమవారం బస్సు తొందరగా దొరికింది.
కుళాయి దగ్గర శౌరమ్మ.
బేసిన్లో కల్లుప్పు నీళ్ళు.
అయిదు వేళ్ళ ఆకుని, చెయ్యి చేతిని కడుక్కున్నట్టు
అటూ ఇటూ తిప్పి కడుగుతోంది.

"ఎన్నాళ్ళ నుంచి?"
"మొదట్నుంచీ. ఎంత దుమ్మనుకున్నావ్!
తినేవాటికి కడక్కుండా పెడతామా?"
"మరి మిరపాకో?"
"అది నువ్వు తెస్తన్నావుగా. నీ ఆకు నీ లెక్క."

అరవాలనుకున్నాను. అరవలేదు.
ముప్పై ఏడు ప్లేట్లూ, రెండు గీతలూ
ఆ ఉప్పునీళ్ళతో పాటు తూములోకి పోతుంటే
చూస్తూ నిలబడ్డాను.

మళ్ళీ గుడ్లు. మళ్ళీ కుంచె. కడగని ఆముదం.
ఈసారి ప్లేటు పట్టనంత జనం,
మిరప జనం కాదు, వేరే.
ముడతల చాపలా పాకేదొకటి, నారింజ చుక్క ఒకటి.
రోడ్డు వార మట్టి చిటికెడు తెచ్చి చూస్తే
అందులోనూ అదే నారింజ.
నేను తెరిచింది పురుగు కడుపనుకున్నాను.
తెరుచుకుంది అమరావతి రోడ్డు.

మిరప మీదవాటిని ఆముదానికి మారిస్తే
మూడు రోజుల్లో పసుపు వాళ్ళు ఖాళీ చేశారు,
అడ్వాన్సు కూడా అడక్కుండా.
ఒక్క మీగడ చుక్క మాత్రం కదల్లేదు.
ఎందుకో తెలీదు.
"తెలీదు" అనే రాశాను, ఈసారి గీతల్లేకుండా.

తిండంటే ఆకనుకున్నానిన్నాళ్ళూ.
ఆకు మీద వాలిన దారి కూడా,
ఆకుని పట్టుకున్న చెయ్యి కూడా,
ఆ చేతికున్న అలవాటు కూడా తిండే.

ఇప్పుడు మూడు పళ్ళేలు.
మిరప. ఆముదం.
మూడోదాని మీద 'కడిగిన ఆముదం' అని రాయబోయి
'శౌరమ్మ' అని రాశాను.
"అదేంది, నా పేరు?"
"నీ ఆకు నీ లెక్క."

ఆ పళ్ళెంలోవి
కడుపులో ఎవరూ లేకుండానే
మిగతావాటికంటే నిండుగా ఒళ్ళు చేస్తున్నాయి.
సారుకింకా చెప్పలేదు.