అడిషనల్ షీటు

మే నెల. అనంతపురం. స్పాట్ వాల్యుయేషన్.
పైన ఫ్యాను తిరగతానే ఉండాది,
గాలి మాత్రం గుంతకల్లు రైలెక్కి పోయింది.
ఉక్కకు చెప్పులు విడిచి బల్ల కిందికి తోసినా.
పొద్దున్నించి ఇరవై ఆరు పేపర్లు,
ఇరవై ఆరింట్లోనూ ఒకటే ఐరోపా:
పైన రాజు, కింద ప్రభువు, ఆ కింద సైనికుడు,
అట్టడుగున మోకాళ్ళ మీద సెర్ఫు.
గైడులోని బొమ్మ. గైడులోని అచ్చుతప్పుతో సహా.

ఇరవై ఏడోది
నీలం సిరా, ఎడమకు వాలిన అక్షరాలు.
పేరుండదు, ఊరుండదు, బార్‌కోడొకటే.
మధ్యయుగ ఐరోపాలో భూస్వామ్యమును,
చర్చి అధికారమును వివరింపుము. పది మార్కులు.

"ప్రభువు మరలోనే గోధుమలు ఆడించుకోవాల,
ప్రభువు పొయ్యిలోనే రొట్టె కాల్చుకోవాల."
కీ ప్రకారం ఒక మార్కు. వేసినా.
ఆ తర్వాత, ఒక్క కొట్టివేత లేకుండా:

"మా జేజినాయన పేరు సుంకన్న.
పేరులోనే సుంకం ఉంది గాబట్టి
ఏం కట్టినా ఎవరూ రసీదు ఇయ్యలేదు.
ఒక ఏడు రెండు మూటల చెనిక్కాయలు
పెద్దింటి మిషనుకు తోలకుండా
ఆదోనికి తోలినాడు.
ఆడ మూటకు రూపాయి ఎక్కువ, ఇంట్లో బిడ్డకు జ్వరం.

పోపు తలుపు ముందర ఒక రాజు
మూడు దినాలు మంచులో ఉత్తకాళ్ళతో నిలబడినాడని
మా మేడం చెప్పింది.
మంచు నేను చూడలేదు.
మా జేజినాయన నిలబడింది ఎండలో,
పెద్దింటి వాకిట్లో, చెప్పులు నెత్తిన పెట్టుకోని.
తాడిపత్రి బండలు. ఎంత కాలతాయో మీకు తెలుసు సార్.
రాజును చూసేకి ఎవరొచ్చినారో పుస్తకంలో లేదు.
మా జేజినాయన్ను చూసేకి ఊరంతా వచ్చింది.
దేవుడు ఎవరి పక్కనున్నాడు అని జేజిని అడిగితే
నీడ ఎవరి పక్కనుంటే వాళ్ళ పక్కనే, అనింది.

నాలుగో పొద్దు తలుపు తీసినారు.
రాజును లోపలికి పిలిచి క్షమించినారంట.
మా జేజినాయన్ను"

అంతే. పేజీ అయిపోయింది.
కింద మూలన: అడిషనల్ షీటు చూడగలరు.
దారం ఉంది. ముడి ఉంది. షీటు లేదు.
కట్టంతా విప్పినా, బల్లల కింద వెతికినా,
అటెండరు కుళ్ళాయప్పను అడిగినా.
"ఎక్కడ రాలిపోయిందో సార్,
ఇంతింత కాయితాల్లో ఒక కాయితం."

పదిహేనేళ్ళుగా ఆ పాఠం చెబుతున్నా.
ఆ రాజు గెలిచినట్టా, ఓడినట్టా
అని క్లాసులో చర్చ పెట్టేవాణ్ణి.
కాళ్ళు ఏమైనాయో ఒక్కసారి గూడా అడగలేదు.

కీ మళ్ళీ తెరిచినా.
మేనరుకు ఒకటి. దశమభాగానికి ఒకటి. వెలికి ఒకటి.
సుంకన్నకు గడి లేదు.
ఎట్ల లాగినా పదికి నాలుగు.
మొత్తం కూడితే ముప్పై నాలుగు.
ముప్పై అయిదైతే పాసు.

చీఫ్ తిప్పేస్వామి సారు టేబులు ముందర
పేపరు పట్టుకోని నిలబడినా.
ఆయన ఫోన్లో ఉన్నాడు, తల ఎత్తలేదు.
ఎవరో కిటికీ తెరిస్తే ఎండ లోపలికొచ్చి
నా పాదాల మీద కూర్చుంది.
అప్పుడు చూసుకున్నా,
చెప్పులు బల్ల కిందే ఉండిపోయినాయి.