తేను

రాత్రి డ్యూటీ దిగి బూట్లు విప్పానో లేదో
ఫోను. బడి ఆఫీసు నంబరు.
"అమ్మా, ఫలజ్ మర్చిపోయా. ఫ్రిజ్ మీదుంది. తేవా?"

ఉంది. చూస్తూనే ఉన్నాను.
వారం రోజులు మట్టీ గవ్వలూ అట్టముక్కలూ కలిపి
మా జోయెల్ కట్టిన కాలువ.
కొండ అడుగు నుంచి ఖర్జూరపు తోటకి
నీళ్లు నడిచొచ్చే దారి.
తోటంటే, ఆకుపచ్చ కాగితం చుట్టిన ఆరు అగ్గిపుల్లలు.

టాక్సీకి ఒక రియాల్. పది నిమిషాలు.
వాడి పీరియడ్‌కి ఇంకా గంటన్నర.
చెప్పుల్లో సగం కాలు పెట్టేశాను కూడా.

మా అమ్మ ఎప్పుడూ "ఇవ్వను" అనలేదు.
"లేదమ్మా" అనేది.
రంగు పెన్సిళ్లు లేవు. విహారయాత్రకి డబ్బుల్లేవు.
ఖాళీ డబ్బా మూత తీసి చూపిస్తే
ఇంక ఎదురు చెప్పేదేముంది?
ఆ లేదుని ఉందిగా మార్చడానికే
ఇంత సముద్రం దాటొచ్చి సూదులు గుచ్చుతున్నాను.
ఇప్పుడు రియాలుంది, టాక్సీ ఉంది,
అరిగినా రెండు కాళ్లున్నాయి.
ఉండీ కాదనడం
మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు.

"తేను" అన్నాను.

అటు ఏసీ హోరు. ఎవరో అరబ్బీలో నవ్వారు.
"మార్కులు పోతాయి."
"పోనీ."
"టీచర్‌కి ఏం చెప్పను?"
"మర్చిపోయానని చెప్పు."
పెట్టేశాడు.

కిటికీ బయట రువి కొండలు పెనంలా కాలుతున్నాయి.
వార్డులో గంట మోగితే పరిగెత్తే కాళ్లు
దుప్పటి కింద వాటంతటవే కదిలాయి.
రెండుసార్లు లేచి వెళ్లి చూశాను.
ఒక చెట్టు ఒరిగిపోయింది.
నిలబెట్టబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

సాయంత్రం వచ్చాడు. బ్యాగు విసిరాడు.
ఏమైందో చెప్పలేదు. నేనడగలేదు.
నా మొహం చూడకుండా రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.
వాళ్ల నాన్న నా వైపు చూశాడు,
నేను పప్పు వైపు.
తర్వాత కుర్చీ ఎక్కి, ఫలజ్ దించి,
ఒరిగిన చెట్టుని జిగురుతో అతికించి
గుమ్మం దగ్గర తన బూట్ల మధ్య పెట్టుకున్నాడు.

లిఫ్టు మళ్లీ చెడిపోయింది.
నాలుగంతస్తులు దిగి, వ్యాను హారను కొట్టాక
మెడ తడుముకుంటే కార్డు లేదు.
తలెత్తాను. బాల్కనీలో వాడు.
వాడి చేతిలో ఊగుతూ, దీపం వెలుగులో, నా ఫొటో.
"జోయెల్, తెచ్చివ్వరా నాన్నా!"

కాసేపు ఆలోచించాడు.
వీధి వీధంతా వినేలా అన్నాడు:
"తేను!"

వ్యాను మళ్లీ హారను కొట్టింది.
మూడో అంతస్తు దాకా
కోపంగానే ఎక్కాను.