డెబ్బై రెండో వంతు

పగలు పళ్ళు కడతాను.
ట్రెలేవ్ ఊళ్ళో సగం మంది నవ్వు
నా బల్ల మీదే తయారవుతుంది.
రాత్రి ఎనిమిది దాటాక
అదే బల్ల, అదే దీపం,
అదే రబ్బరు గిన్నెలో మిగిలిన ప్లాస్టర్ కలిపి
పది కోట్ల ఏళ్ళ కిందటి ఏటిగట్టు పోస్తాను.

కొలత డెబ్బై రెండో వంతు.
ఈ లెక్కన నేను
నా బొటనవేలి మొదటి కణుపంత.
ముప్పై అయిదు మీటర్ల జంతువు
మూరెడు.

నేలకి నిన్న తాగేసిన మాతే ఆకు;
ఎండబెట్టి, నలిపి, జిగురు మీద చల్లాలి.
గడ్డి మాత్రం వేయకూడదు.
దుకాణంలో పొట్లాల్లో పచ్చగా, చవగ్గా దొరుకుతుంది,
చెయ్యి లాగుతుంది,
కాని అప్పటికి ఈ నేలకి గడ్డి ఇంకా రాలేదు.
నా మొదటి అడవి నిండా గడ్డే.
దాన్ని బీరువా మీద
గోడవైపు తిప్పి ఉంచాను.

చర్మం ఏ రంగు?
ఎముక చెప్పదు.
అందుకని ఎవడి కళ్ళు చూసింది వాడు పూస్తాడు.
నేను చుబుత్ నది వరదకి తిరిగే రంగు పూశాను,
పొట్ట కింద, నా పాత మోటారుసైకిలు సీటు రంగు.
పల్చటి గోధుమ నీళ్ళు ముడతల్లోకి దిగి ఆగుతాయి.
ఆరాక, దాదాపు పొడిగా ఉన్న కుంచెతో
ఎత్తుల మీద తెల్లగా ఒక్క తుడుపు.
రెజిన్ బొమ్మకి ఎండ తగులుతుంది.

మార్చిలో, కింది పళ్ళ కొలతకి వచ్చింది
ఎలినెడ్ పియూ.
వేల్స్ నుంచి ఓడలో వచ్చినవాళ్ళ మునిమనవరాలు,
ఎనభై మూడేళ్ళు,
నాలుగు వేల గొర్రెల మంద చూసిన మనిషి.
నోట్లో అచ్చుముద్ద గట్టిపడే మూడు నిమిషాలు
మాట్లాడకూడదు కదా,
నా ఏటిగట్టుని చూస్తూ కూచుంది:
ఆరు పెద్దవి, రెండు పిల్లలు, అరౌకారియా చెట్లు,
బురద తేలిన నీటి అంచు.
అచ్చు తీశాను.
"డానిలో," అంది బోసినోటితో,
"ఇన్ని పశువులున్నాయి. పెంట ఏదీ?"

నవ్వాను. ఆవిడ నవ్వలేదు.
"మంద నిలిచిన చోట అడుగు పెట్టే సందుండదు నాయనా.
ఈగలేవీ? తొక్కుడుకి చచ్చిన మొక్కలేవీ?
ఇది మంద కాదు,
పెళ్ళి ఫొటో."

ఆ రాత్రి కుంచె ముట్టలేదు.
మర్నాడు కూచున్నాను.
గొర్రెకయితే పెంటిక, ఆవుకి పేడ, గుర్రానికి లద్దె.
ఇంత జంతువు వేసినదానికి మాట లేదు,
ముక్కు మూసుకున్నవాళ్ళెవరూ లేరు కనక.
మైనంలో మాతే పొడి కలిపి
ఒక్కో కుప్పా శనగగింజంత చేశాను
(లెక్క కడితే నా మోకాలి దాకా వస్తుంది).
ఒకదాని మీదుగా కాలిగుర్తు.
వారం పట్టి నాటిన ఫెర్న్ మొక్కల్ని
సూదితో అణిచేశాను.
ఈగలకి, టూత్‌బ్రష్‌ని నల్లరంగులో ముంచి
వేలితో పోచల్ని వెనక్కి లాగి
వదిలాను.

తుంపర పడగానే
నా ఎడమచెయ్యి తనంతట తనే లేచింది,
తోలడానికి.

ఏప్రిల్లో పళ్ళు బిగించాను.
రెండుసార్లు టకటకా కొరికి,
అద్దమైనా అడక్కుండా
బల్ల దగ్గరికి నడిచింది.
కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి వంగింది,
చాలాసేపు.
పెంట గురించి ఒక్క మాట లేదు.
"చివరిది కుంటుతోంది," అంది.
"ముందుకాలు చూడు. ఏదో గుచ్చుకుంది దానికి."

నేను కుంటించలేదు.
లోపలి తీగ కాస్త వంగి
పాదం నేలకి ఆనలేదు, అంతే.
ఎప్పుడో సరిచేద్దామనుకున్నది.

ఈ రాత్రి గాలి రేకుల కప్పుని పీకుతోంది.
దీపం ఊగినప్పుడల్లా
ఏడు నీడలు ముందుకి పోయి వస్తున్నాయి,
ఎనిమిదోది ఆగి ఆగి.
పటకారు పక్కన పెట్టాను.
అంత జంతువుని ఆపే ముల్లు
డెబ్బై రెండో వంతులో ఎంతుంటుందో
లెక్క కడుతున్నాను.